రాయికీ రంగుకీ మధ్య

వాహనాలు తయారుచేసే కంపెనీల ప్రయోగశాలల్లో ఒక యంత్రం ఉంటుంది. కొత్తగా రంగు వేసి ఆరబెట్టిన రేకు మీద రాళ్ళు విసరడమే దాని పని. పేరు గ్రావెలోమీటర్. అమెరికాలోని వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ రాసిపెట్టిన జె400 పద్ధతి ప్రకారం అందులో ఏ రాయి పడితే ఆ రాయి వేయడానికి లేదు. నీళ్ళలో దొర్లి అంచులు అరిగిన గులకరాళ్ళు కావాలి. జల్లెడ పడితే 16 మిల్లీమీటర్ల కన్నంలోంచి జారిపోవాలి, 9.5 మిల్లీమీటర్ల కన్నం మీద నిలిచిపోవాలి. అలాంటివి అర లీటరు పైచిలుకు కొలిచి గరాటులో పోస్తారు. చదరపు అంగుళానికి 70 పౌండ్ల ఒత్తిడితో దూసుకొచ్చే గాలి వాటిని మోసుకుపోయి రేకుకేసి కొడుతుంది. పది సెకన్లలో పని పూర్తవుతుంది. తర్వాత రేకు తుడిచి, గట్టి జిగురు టేపు అంటించి ఒక్క లాగు లాగుతారు. ఊడటానికి సిద్ధమై ఇంకా పట్టుకుని ఉన్న పెచ్చులు టేపుతోపాటే లేచి వచ్చేస్తాయి. అప్పుడు లెక్క మొదలవుతుంది.

ఎన్ని చోట్ల పెచ్చు లేచిందన్నది మొదటి లెక్క. ఒక్కటీ లేకపోతే 10 మార్కులు, 250 దాటితే సున్నా. ఒక్కో పెచ్చు ఎంత పెద్దదన్నది రెండోది. మిల్లీమీటరు లోపు ఉంటే ‘ఏ’, ఆరు మిల్లీమీటర్లు మించితే ‘డి’. మూడోది, పెచ్చు ఏ పొర దగ్గర విడిపోయిందన్నది. పై రంగులోనే ఆగిందా, రంగుకీ ప్రైమర్‌కీ మధ్య విడిందా, లోహందాకా వెళ్ళిందా? బండి కొనేవాళ్ళ కంటికి మొదటి రెండే ఆనుతాయి. బండి బాడీ ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పేది మాత్రం ఆ మూడో లెక్కే.

ముందు క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి ఉండే పికప్ ట్రక్కులకు ఈ పరీక్ష మామూలు కార్ల కంటే ఎక్కువ అవసరం. తారు రోడ్డు అయిపోయిన చోట కారు వెనక్కి తిరుగుతుంది, పికప్ ముందుకు పోతుంది. పొలానికి, క్వారీకి, ఇల్లు కడుతున్న స్థలానికి వెళ్ళేది అదే. దాని ముక్కు ఎత్తుగా, నిటారుగా ఉంటుంది. టైర్లు లావు. ఈ మూడూ కలిసి దాని రంగును రాళ్ళకు ఎదురుగా నిలబెడతాయి.

రాయి దెబ్బ ఎంత?

పన్నెండు మిల్లీమీటర్ల గ్రానైటు కంకర రాయి ఒకటి తీసుకుందాం. గుండ్రంగా ఉందనుకుంటే బరువు రెండున్నర గ్రాములకు కాస్త తక్కువ. దానికి మన బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తగిలితే ఆ తాకిడిలో ఉన్న గతిశక్తి సుమారు 0.9 జౌల్. తొంభై గ్రాముల వస్తువు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తీ అంతే. వినడానికి పెద్దదేమీ కాదు. అయితే రాయి అంతా ఒకేసారి తగలదు. దాని కోసుగా ఉన్న ఒక మూల తగులుతుంది. ఆ మూల ఆనే చోటు ఒక చదరపు మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. తాకిడి ముగిసే సమయం సెకనులో పదివేలో వంతు కంటే తక్కువ. ఇంత శక్తి, అంత చిన్న చోట, అంత తక్కువ సమయంలో దిగితే ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రాయి తెచ్చిన శక్తి ఎక్కడికి పోతుంది? రంగును కాపాడే ప్రతి ఉపాయాన్నీ ఈ ప్రశ్న వేసి చూస్తే పనికొచ్చేదేదో, డబ్బు దండగేదో తేలిపోతుంది.

వేగం సంగతి ముందే చెప్పుకోవాలి. గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. అదే రాయి, అదే బండి, వేగం 50కి తగ్గితే శక్తి 0.23 జౌల్‌కు పడిపోతుంది, అంటే నాలుగో వంతుకు. కంకర రోడ్డు మీద వేగం సగం చేసుకోవడం కంటే గొప్ప రక్షణ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక ఆ దెబ్బ తినే రంగు ఎంత మందమో చూద్దాం. బానెట్ అంచున పెచ్చు ఊడిన చోట భూతద్దం పెట్టండి. గుంట అంచులు మెట్లు మెట్లుగా దిగుతాయి. అన్నిటికంటే పైన గాజు విరిగినట్టు నున్నగా విరిగిన పారదర్శక పొర, క్లియర్ కోట్. నలభై యాభై మైక్రాన్లు. దాని కింద అసలు రంగు, పదిహేను ఇరవై మైక్రాన్లు. ఆ కింద బూడిద రంగులో ప్రైమర్, ముప్ఫై పైచిలుకు. ఇంకా కింద ముదురు బూడిద రంగులో పలుచటి పొర, సుమారు ఇరవై మైక్రాన్లు. అదీ పోతే మెరిసే లోహం, దాని మీద కంటికి కనిపించని ఫాస్ఫేట్ పూత, ఏడు నుంచి పది మైక్రాన్ల జింకు. రంగు పొరలన్నీ కలిపితే ఒక మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా రాదు. లక్షలు పోసి కొన్న బండికీ తుప్పుకీ మధ్య ఉన్న అడ్డు అంతే.

ఆ అడుగు పొర కథ చెప్పుకోదగినది. బాడీ మొత్తాన్ని నీళ్ళలో కలిపిన రంగు తొట్టెలో ముంచి, రెండు మూడు వందల వోల్టుల కరెంటు పెడతారు. ఆవేశం ఉన్న రంగు కణాలు రేకు వైపు పరుగెత్తి అతుక్కుంటాయి. బ్రష్షు, స్ప్రే గన్ను వెళ్ళలేని మూలమూలలకూ పూత పడుతుంది. ఒక చోట పూత మందం పెరిగితే అక్కడ కరెంటు తగ్గి, ఖాళీగా ఉన్న చోటికి మళ్ళుతుంది. అందుకే అంతటా సమంగా పరుచుకుంటుంది. 1960లలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ ఈ పద్ధతిని కార్లకు తెచ్చాడు. మొదట్లో బాడీ ధన ధ్రువంగా ఉండేది. అలా పెట్టినప్పుడు లోహం కొంచెం కరిగి పూతలో కలిసేది. 1976లో పీపీజీ కంపెనీ బాడీని రుణ ధ్రువంగా మార్చిన పూతను తెచ్చాక తుప్పును తట్టుకునే శక్తి బాగా పెరిగింది. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు ప్రతి కారూ ఆ స్నానం చేసే బయటికొస్తుంది.

రంగు రసాయనశాస్త్రజ్ఞుల తెలివి నాకు ఎక్కువగా కనిపించేది ఆ పైనున్న బూడిద ప్రైమర్‌లో. రాయి తగిలితే ఏదో ఒకటి విరగక తప్పదని వాళ్ళకు తెలుసు. కాబట్టి విరగాల్సిన చోటును ముందే నిర్ణయిస్తారు. ప్రైమర్‌ను క్లియర్ కోట్ కంటే మెత్తగా, కాస్త సాగేలా తయారుచేస్తారు. దెబ్బ శక్తి అక్కడ ఖర్చయి, విడిపోతే ప్రైమర్‌లోనో దాని పై అంచునో విడిపోవాలి. అడుగు పొర మాత్రం లోహాన్ని వదలకూడదు. అందంగా కనిపించే పొరలు పోయినా కాపలా కాసే పొర మిగులుతుంది. గ్రావెలోమీటర్ పరీక్షలో మూడో లెక్క పెట్టింది దీన్ని చూడటానికే.

రాయి ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు వెళ్ళే లారీ రాయి విసిరి మన బండిని కొట్టిందని అందరం అంటాం. చక్రం నడక కాస్త లెక్క వేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. జారకుండా దొర్లే చక్రంలో రోడ్డును ఆనుకున్న భాగం ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. బండి గంటకు 90 కిలోమీటర్లు పోతున్నా, కింద టైరు గాడిలో ఇరుక్కున్న రాయి వేగం ఆ క్షణంలో సున్నా. చక్రం తిరిగి ఆ రాయి వెనక వైపు పైకి లేస్తుంది. ముప్ఫై డిగ్రీలు తిరిగాక గాడి వదిలిందనుకోండి. అప్పుడు దాని వేగం పైకి గంటకు 45 కిలోమీటర్లు, ముందుకు 12 కిలోమీటర్లు మాత్రమే. వెనక్కి అసలు లేదు. మడ్‌ఫ్లాప్ అడ్డు లేకపోతే దాదాపు ఎనిమిది మీటర్ల ఎత్తుకు లేచి, రెండున్నర సెకన్లు గాలిలో ఉండి కింద పడుతుంది. ఈలోగా అది ముందుకు వెళ్ళేది తొమ్మిది మీటర్లు కూడా కాదు. వెనక 90లో వస్తున్న మన బండి ఆ రెండున్నర సెకన్లలో 60 మీటర్లు దాటి వచ్చేస్తుంది. అంటే లారీ రాయిని దాదాపు అదే చోట గాలిలో నిలబెట్టింది. గంటకు 78 కిలోమీటర్ల తేడాతో వెళ్ళి దాన్ని గుద్దింది మన బండి.

ఎదురుగా వచ్చే లారీ లేపిన రాయైనా లెక్క పెద్దగా మారదు. ఆ 12 కిలోమీటర్లు ఈసారి మన వేగానికి కలుస్తాయి, అంతే. దెబ్బలో పెద్ద వాటా ఎప్పుడూ మనదే. టైరు అంచు కింద నలిగి పక్కకు చిట్లే రాళ్ళు కొన్ని ఈ లెక్కకు లొంగవు, అవి తూటాల్లా వస్తాయి. అయినా డ్రైవరు చేతిలో ఉన్నది ఈ లెక్కలోనే ఉంది. ముందు బండికి మూడు నాలుగు సెకన్ల దూరం వదిలితే లేచిన రాళ్ళలో చాలా భాగం మనం చేరేలోపు కింద పడిపోతాయి. తొంభైలో నాలుగు సెకన్లంటే వంద మీటర్లు.

మరో సంగతి చాలామంది పట్టించుకోరు. బండి రంగును ఎక్కువగా చెడగొట్టే టైర్లలో దాని సొంత ముందు టైర్లు ఉంటాయి. ఇందాకటి రాయినే సొంత బండి నుంచి చూడండి. అది వెనక్కి గంటకు 78 కిలోమీటర్లు, పైకి 45 కిలోమీటర్ల వేగంతో వస్తున్నట్టు లెక్క. నేరుగా డోర్ కింది అంచుకు, తొట్టి పక్క రేకుకు, వెనక చక్రం ముందున్న వంపుకు తగులుతుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు ఫెండర్ లోపలే ఉంటాయి కాబట్టి చాలా రాళ్ళు లోపలి ప్లాస్టిక్ గోడకే తగిలి పడిపోతాయి. బండి గంభీరంగా కనపడాలని ఫెండర్ దాటి బయటికొచ్చే లావు టైర్లు వేయించిన రోజున ఆ ఏర్పాటు పోతుంది. అలా టైర్లు మార్చేవాళ్ళు వెడల్పాటి మడ్‌ఫ్లాపులు కూడా ఆ రోజే వేయించాలని గట్టిగా చెబుతాను. వంగే రబ్బరు పట్టా మంచిది. రాయి తగిలినప్పుడు పట్టా ఊగుతుంది, శక్తి ఆ ఊపులోకి పోతుంది, రాయి చక్రం దగ్గరే రాలిపోతుంది.

ముక్కు నిటారుగా ఉండటం వల్ల వచ్చే నష్టమూ లెక్కకు అందేదే. ఇరవై డిగ్రీల వాలు ఉన్న కారు బానెట్ మీద అడ్డంగా వచ్చిన రాయి తగిలితే రేకులోకి సూటిగా దిగే శక్తి మొత్తంలో ఎనిమిదో వంతు. మిగతాది రాయితోపాటే పైకి జారిపోతుంది. పికప్ ముందు భాగం దాదాపు నిలువు గోడ. అక్కడ మొత్తం శక్తీ రేకు మీదే ఖర్చవుతుంది. అందుకే పికప్‌లలో పెచ్చులన్నీ బానెట్ ముందు అంచున, గ్రిల్ చుట్టూ గుంపుగా కనిపిస్తాయి, బానెట్ వెనక సగం శుభ్రంగా ఉంటుంది.

అలాస్కా దారిలో

ఈ కష్టాలన్నీ ఒకే చోట చూడాలంటే అలాస్కాలోని డాల్టన్ హైవేకు వెళ్ళాలి. ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన మొదలై ఆర్కిటిక్ సముద్రం పక్కన ప్రూడో బే చమురు క్షేత్రాల దాకా 666 కిలోమీటర్లు. చమురు పైప్‌లైన్ వేయడానికి సామాను తోలాలని యూకాన్ నదికి ఉత్తరాన ఉన్న పెద్ద భాగాన్ని 1974లో అయిదు నెలల్లో వేసేశారు. చాలా చోట్ల ఇప్పటికీ కంకర రోడ్డే. దాని మీద బరువైన ట్రక్కులు ఆగకుండా తిరుగుతాయి. ఎదురుగా ట్రక్కు వస్తుంటే వేగం తగ్గించి కుడి అంచుకు జరిగి దారి ఇమ్మని ప్రయాణికులకు చెబుతారు. ఇందాకటి లెక్క ప్రకారం అది మర్యాదతోపాటు రక్షణ కూడా. మన వేగం సున్నాకు దగ్గరైతే దెబ్బలో మన వాటా కూడా సున్నాకు దగ్గరవుతుంది.

ఆ రోడ్డు పక్కనే ప్రాస్పెక్ట్ క్రీక్ అనే చోట 1971 జనవరి 23న ఉష్ణోగ్రత సున్నాకు 62 డిగ్రీలు దిగువకు పడింది. అమెరికాలో నమోదైన అతి పెద్ద చలి అదే. చలిలో పాలిమర్ల స్వభావం మారిపోతుంది. పొడవాటి అణువుల గొలుసులు వెచ్చగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి జరుగుతూ దెబ్బను ఇముడ్చుకుంటాయి. ఒక ఉష్ణోగ్రత కిందికి పోతే ఆ కదలిక బిగుసుకుపోతుంది. మెత్తని పొరలు కూడా పెళుసెక్కుతాయి, దెబ్బ తగిలితే సాగకుండా పగులుతాయి. ప్రైమర్‌కు ఇచ్చిన ఆ సాగే గుణం చలిలో పనిచేయకపోతే పగులు నేరుగా లోహందాకా పోతుంది. అందుకే గ్రావెలోమీటర్ పరీక్షను గది వేడిమిలో ఒకసారి, రేకును సున్నాకు 29 డిగ్రీల దిగువకు చల్లార్చి మరోసారి చేస్తారు.

వేసవిలో అక్కడ ఇంకో చిక్కు. దుమ్ము లేవకుండా రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. అది గాలిలోని తేమను పీల్చుకుని, ఆ తేమలోనే కరిగి, మట్టిని ఎప్పుడూ తడిగా పట్టి ఉంచుతుంది. రోడ్డుకు మంచిదే. ఆ మట్టి పెచ్చు లేచిన గుంటలో చేరితే మాత్రం అక్కడ కూడా తడి ఆరనివ్వదు. తడి, ఉప్పు, ఇనుము ఒక చోట చేరాయంటే తుప్పుకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు ఇల్లు చేరగానే బండి అడుగు భాగంతో సహా కడగడం అందుకే.

మెత్తనిదే కాపాడుతుంది

రాయి గట్టిది కాబట్టి దాన్ని ఆపాలంటే ఇంకా గట్టి పొర కావాలని మనసుకు తోస్తుంది. మార్కెట్టులో సిరామిక్ కోటింగ్ అమ్మేవాళ్ళు ఈ ఆలోచన మీదే నిలబడతారు. సీసా మీద 9హెచ్ అని రాసి ఉంటుంది. అది పెన్సిల్ ములుకుతో గీసి చూసే గట్టిదనం కొలత. గీత పడదన్నంత వరకు నిజమే. ఆ పూత నీటిని నిలవనివ్వదు, దుమ్ము త్వరగా వదులుతుంది, ఎండకు మెరుపు తగ్గకుండా కాస్త కాపాడుతుంది. కానీ దాని మందం ఒకటి రెండు మైక్రాన్లు. కంకర రాయి తెచ్చిన శక్తిని ఇముడ్చుకోవడానికి అందులో చోటు లేదు. అది గట్టిది కాబట్టి సాగదు, సాగదు కాబట్టి దెబ్బను ఉన్నదున్నట్టు కిందికి దాటిస్తుంది. రాళ్ళ కోసం సిరామిక్ కోటింగ్ వేయించుకోవడం వృథా ఖర్చని నా గట్టి అభిప్రాయం. మైనం పాలిష్ సంగతీ అంతే.

రాళ్ళ దెబ్బకు పనికొచ్చేది మెత్తనిది. మన దగ్గర పీపీఎఫ్ అని పిలిచే పారదర్శక ఫిల్మ్ అలాంటిది. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కల అంచులు ఇసుకకు, రాళ్ళకు అరిగిపోతుంటే అమెరికా కంపెనీ 3ఎం పాలీయురెథేన్ టేపు తయారుచేసి వాటికి అంటించింది. తర్వాత ఆ టేపు రేసు కార్ల ముక్కుల మీదికి, అక్కడి నుంచి మామూలు కార్ల మీదికి వచ్చింది. పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన తోటివాళ్ళు కనుక్కున్నారు. దాని అణువు గొలుసులో గట్టి ముక్కలు, మెత్తటి ముక్కలు వరసగా ఉంటాయి. మెత్తటివి సాగుతాయి, గట్టివి ఒకదానికొకటి పట్టుకుని గొలుసు తెగకుండా ఆపుతాయి. ఫిల్మ్‌లో మెత్తటి ముక్కలు గట్టి చలిలో కూడా రబ్బరులా కదలగలిగేవి ఎంచుకుంటారు.

ఈ ఫిల్మ్ మందం మామూలుగా 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కింద ఉన్న రంగు పొరలన్నిటి కంటే ఎక్కువ. రాయి మూల దానిలోకి దిగేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. తాకిడి కాస్త ఎక్కువసేపు సాగుతుంది, కాస్త ఎక్కువ చోట పరుచుకుంటుంది. ఇల్లు కడుతున్నప్పుడు కింద నుంచి విసిరిన ఇటుకను మొదటి అంతస్తులో అందుకునే మనిషి చేతులు చూడండి. ఇటుకతోపాటే వెనక్కి జరుగుతూ పట్టుకుంటాడు, చేతులు బిగించి నిలబడడు. సమయం రెండింతలైతే సగటు బలం సగమవుతుంది. అణువుల గొలుసులు సాగి మళ్ళీ వెనక్కి వచ్చేటప్పుడు ఒకదానికొకటి ఒరుసుకుని శక్తిలో చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తాయి. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది: రాయి శక్తి రంగును చీల్చడానికి మిగలకుండా, చేతికి తెలియనంత కొద్దిపాటి వేడిగా ఫిల్మ్‌లో కలిసిపోయింది. పై పూత మంచిదైతే చిన్న గీతలు ఎండ వేడికో వేడి నీళ్ళకో వాటంతటవే సర్దుకుంటాయి. లోతుగా కోసుకుపోతే మాత్రం పూడదు, ఆ ముక్క మార్చాల్సిందే.

అంటించేటప్పుడు సబ్బు నీళ్ళు చల్లి ఫిల్మ్‌ను రేకు మీద జార్చి, సరిగ్గా కుదిరాక రబ్బరు పలకతో నీటిని మధ్య నుంచి అంచులకు తోసేస్తారు. నేర్పున్న చెయ్యి వంపుల దగ్గర తెలిసిపోతుంది. గుండ్రటి అంచు మీద ఎక్కువగా లాగితే ఫిల్మ్ పలచబడుతుంది, సరిగ్గా రాళ్ళు ఎక్కువగా తగిలే చోటే. బండి అంతా వేయించుకోవాలనేమీ లేదు. బానెట్ ముందు అంచు నుంచి రెండడుగులు, ఫెండర్ ముందు భాగాలు, అద్దాల వెనక వైపు, డోర్ల కింది అంచు, వెనక చక్రాల వంపు ముందు భాగం. ఇవి చాలు. పైకప్పుకు, తొట్టి తలుపుకు వేయించడం అనవసరం.

మన వేసవి గురించి ఒక హెచ్చరిక. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల నీడలోనే 45 డిగ్రీలు దాటే ఎండలో ముదురు రంగు బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. చవక ఫిల్మ్‌ల రసాయనంలో అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కే రకం ఉంటుంది, పైగా వేడికి జిగురు రేకును గట్టిగా కరుచుకుని తీసేటప్పుడు రంగుతో సహా వస్తుంది. మళ్ళీ రంగు వేయించిన రేకు మీద ఫిల్మ్ వేయించాలంటే రంగు పూర్తిగా ఆరి గట్టిపడే వరకు ఆగాలి. పాత పెచ్చుల మీద అంటిస్తే లోపల చిక్కిన తేమ బయటికి రాదు.

డోర్ల కింది అంచుకు కంపెనీలే కొన్ని బండ్లలో గరుకుగా, మందంగా ఉండే రాతి రక్షణ పూత వేస్తాయి. వేలితో తడిమితే నారింజ తొక్క గరుకు తెలుస్తుంది. మందం ఎక్కువ కాబట్టి శక్తిని ఇముడ్చుకునే చోటూ ఎక్కువే. పికప్ తొట్టిలో స్ప్రే చేసే పాలీయూరియా లైనర్‌ను అమెరికాలో కొందరు కింది సగం బాడీకంతా కొట్టిస్తారు. రెండు ద్రవాలు స్ప్రే గన్ను మూతి దగ్గర కలిసి, రేకు మీద పడ్డ సెకన్లలోనే గడ్డకట్టే పూత అది. కంకర దాని మీద పడి రాలిపోతుంది. నాకు దీని పనితనం మీద సందేహం లేదు, దాన్ని కొట్టే మనుషుల మీదే బెంగ. ఆ ద్రవాల్లో ఒకటి ఐసోసయనేట్. దాని తుంపర పీల్చితే ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరం దాన్ని సహించలేని స్థితి వచ్చిందంటే తర్వాత కొద్దిపాటి మోతాదుకే ఊపిరి బిగుసుకుపోతుంది. రెండు భాగాలు కలిపి కొట్టే మామూలు కారు రంగుల్లో కూడా ఇదే ఉంటుంది. మన పెయింటింగ్ షెడ్లలో కుర్రాళ్ళు ముక్కుకు చేతి రుమాలు కట్టుకుని ఆ పని చేస్తుంటారు. రుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు ఉన్న షెడ్డుకే బండి ఇవ్వండి, లేకపోతే అడగండి.

మన కంకర

జె400 పరీక్షలో వాడేవి అంచులు అరిగిన గులకరాళ్ళు. మన రోడ్ల మీద ఉండేది క్రషర్ నుంచి నేరుగా వచ్చిన కోసు కంకర. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాయి. అందులోని క్వార్ట్జ్ ఇనుప రేకునే గీయగలదు. అరిగిన రాయి ఆనే చోటు వెడల్పు, కోసు రాయి ఆనే చోటు సన్నం. ఒకే శక్తికి కోసు రాయి లోతుగా దిగుతుంది. పల్లె రోడ్లకు చిప్పింగ్ కార్పెట్ వేసి సీల్ కోట్ కొట్టిన కొత్తలో తారుకు అంటని సన్న కంకర, అంటే చిప్స్, రోడ్డంతా పరుచుకుని ఉంటాయి. టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకూ ఈ దృశ్యం తెలిసిందే. అక్కడ వేసవిలో రోడ్లకు తారు చల్లి చిప్స్ పరిచి రోలర్ తొక్కిస్తారు, వదులు రాళ్ళు ఊడ్చే దాకా వేగం తగ్గించమని బోర్డులు పెడతారు. రెండు చోట్లా ఆ రోజుల్లో నలభైకి మించి పోకపోవడమే మేలు.

పట్టా కప్పని కంకర టిప్పర్ వెనక వెళ్ళేటప్పుడు పై నుంచి జారే రాళ్ళను చూసి భయపడతాం. ఆ రాయి జారేటప్పుడు టిప్పర్ వేగంతోనే ముందుకు పోతుంటుంది కాబట్టి గాలిలో ఉండగా మనకు తగిలితే తేడా తక్కువే. అది రోడ్డు మీద పడి, ఎగిరి, ఆగిపోయాక అసలు హాని మొదలవుతుంది. ఇక అది వెనక వచ్చే ప్రతి టైరుకూ అందుబాటులో ఉన్న కంకర. ఒక టిప్పర్ పట్టా కప్పకపోవడం వల్ల ఆ దారిలో ఆ రోజంతా వెళ్ళే బండ్లన్నీ, ద్విచక్ర వాహనాల మీద వెళ్ళే మనుషుల ముఖాలతో సహా, దెబ్బ తింటాయి.

పెచ్చు లేచాక

ఎంత జాగ్రత్తపడ్డా పికప్ నడిపితే పెచ్చులు లేస్తాయి. లోహం కనిపించేదాకా వెళ్ళిందో లేదో ముందు చూసుకోవాలి. బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉన్నట్టు, తొందర లేదు. మెరుస్తుంటే తొందరపడాలి. స్టీలు రేకు మీద జింకు పూత ఉంటే కొంతకాలం అది కాపాడుతుంది. ఇనుము కంటే జింకు తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టి గుంట అంచుల్లోని జింకు తాను కరిగిపోతూ మధ్యలో బయటపడ్డ ఇనుమును నిలబెడుతుంది. పది మైక్రాన్ల లోపు జింకు ఎన్నాళ్ళో రాదు. అది అయిపోయాక గుంటలో ఇనుము తుప్పు పడుతుంది, చుట్టూ రంగు కింద తేమ, ఆక్సిజన్ కలిసే చోట క్షారం పుడుతుంది. ఆ క్షారం రంగుకీ లోహానికీ ఉన్న పట్టును వదిలిస్తుంది. అందుకే చిన్న పెచ్చు చుట్టూ కొన్ని నెలలకు రంగు బుడగలా ఉబ్బుతుంది. గోరుతో నొక్కితే పెళపెళమని ఊడుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియంది. దానికి ఎర్ర తుప్పు రాదు. ఉప్పు తగిలితే పెచ్చు అంచుల నుంచి రంగు కింద సన్నని దారాల్లా తెల్లటి తుప్పు పాకుతుంది. కాబట్టి దానికీ పెచ్చు పూడ్చక తప్పదు.

పూడ్చడం కష్టమైన పనేమీ కాదు. చోటును కడిగి బాగా ఆరనివ్వాలి. స్పిరిట్‌తో మైనం, జిడ్డు తుడవాలి. తుప్పు మొదలైతే సన్నటి ఎమరీ కాగితాన్ని అగ్గిపుల్ల చివర చుట్టి గుంట లోపల మాత్రమే గీకాలి, చుట్టూ ఉన్న మంచి రంగు జోలికి పోకూడదు. లోహం శుభ్రంగా కనిపించాక ప్రైమర్ ఒక చుక్క. స్టీలైనా అల్యూమినియమైనా ఎపాక్సీ రకం మంచిది. అది ఆరాక బండి తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న రంగు కోడ్ చూసి తెచ్చిన టచప్ రంగు, సన్నటి బ్రష్షుతో, ఒకేసారి నింపకుండా పలుచగా రెండు మూడు సార్లు. ఆరేకొద్దీ రంగు కుంచించుకుపోతుంది కాబట్టి ఒక్కసారే నింపితే మధ్యలో గుంట మిగులుతుంది. చివరగా క్లియర్ కోట్. ప్రైమర్ వేయకుండా నేరుగా రంగు పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. చూపుకు సరిపోతుంది గానీ లోహాన్ని పట్టుకునే పొర లేక అది మళ్ళీ లేస్తుంది. మన దగ్గర ఈ పని వానలు మొదలవక ముందే, మే నెలలో, పొద్దున్నే రేకు చల్లగా ఉన్నప్పుడు చేసుకోవాలి.